మాస్టారు చెప్పిన కంపెనీ

వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్ని బడిపంతులనుకునేవాళ్ళు. అందరూ మాస్టారూ మాస్టారూ అని పిలుస్తుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు మరి. తీరా పిల్లల ట్యూషన్ సంగతి మాట్లాడదామని వెళ్తే, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, పళ్ళతో తీగ కొరుకుతూ, కాలిపోయిన నీళ్ళ మోటారు ముందు గొంతుక్కూర్చున్న మనిషి కనిపించేవాడు.

"ట్యూషనా? నేనే సగం దారిలో దిగిపోయిన ప్రయాణికుణ్ణి," అనేవాడు నవ్వకుండా.

ఆయన మోటార్లూ, పంపులూ బాగుచేసే మెకానిక్. మాస్టారన్న పేరు పడింది బేకరీ వెనక గదిలో.

ఆదివారం మధ్యాహ్నం, ఓవెన్లు ఆర్పేశాక, ఆ గదిలో నలుగురు చేరేవాళ్ళు. బేకరీ యజమానురాలు, ఆవిడ అందరికీ అక్క. ఆఫీసులో లెక్కలు రాసి రాసి రిటైరైన గుమాస్తా. సందు మొగలో సెలూన్ నడిపే అతను. నాలుగోవాడు మాస్టారు. పిండి బస్తాల మీదా, తిరగేసిన ట్రేల మీదా కూర్చుని, తలా కాస్త వేసుకుని కంపెనీల షేర్లు కొనేవాళ్ళు. మొదట్లో గుమాస్తా తెచ్చిన నిగనిగలాడే రిపోర్టుల్ని చూసి కొన్నారు. ఫొటోలు బాగున్నాయని కొన్న కంపెనీ ఒకటి బోర్డు తిప్పేసింది. ఆ దెబ్బకి అందరూ తలపట్టుకుని కూర్చున్నప్పుడు మాస్టారు ఒక పద్ధతి పెట్టాడు.

కాగితం ముట్టుకోకూడదు. కంపెనీని తెచ్చినవాళ్ళు నోటితో చెప్పాలి. ఏం అమ్ముతుంది? ఎవరు కొంటారు? కొన్నవాళ్ళు మళ్ళీ ఎందుకు వస్తారు? టీ చల్లారేలోగా చెప్పేయాలి. విన్నవాళ్ళలో ఒకరు దాన్ని పాఠంలాగా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పేవాళ్ళు తడబడ్డారా, ఇక ఆ కంపెనీ జోలికి పోరు. ఎంత పెద్దదైనా సరే, ఎవరెన్ని గొప్పలు చెప్పినా సరే.

ఒకసారి సెలూన్ ఆయన ఏదో కంపెనీని పట్టుకొచ్చాడు.

"ఇది ఇంకో కంపెనీకి సేవలు చేస్తుంది మాస్టారూ."

"ఏం సేవలు?"

"అంటే, ఆ కంపెనీ వేరే కంపెనీకి సేవలు చేయడానికి కావలసిన సేవలు."

"ఆ వేరే కంపెనీ ఎవరిది?"

సెలూన్ ఆయన బుర్ర గోక్కున్నాడు. "వీళ్ళదే."

అక్క నవ్వు ఆపుకోలేక టీ ఒళ్ళో ఒలకబోసుకుంది. "గడ్డం గీయించుకోడానికొచ్చినవాడు నీకే గీసి పోయాడురా నాయనా!"

అదిగో, అలాంటప్పుడు మాస్టారు మహారాజులా కూర్చునేవాడు. చదువుకున్నవాళ్ళ మీద ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కే కోపం ఒకటి ఎప్పుడూ ఉండేది. చిన్నప్పుడు బడిలో ఒకసారి, పాఠం అర్థం కాలేదని నోరు తెరిచి అన్నాడు. క్లాసంతా నవ్వింది. పంతులు కూడా నవ్వి, అర్థమయ్యేదాకా బెంచీ మీద నిలబడమన్నాడు. బెంచీ మీద నిలబడితే పాఠం ఎలా అర్థమవుతుందో పంతులుకే తెలియాలి. ఆ నవ్వు చెవుల్లో పెట్టుకుని బడి మానేసి వర్క్‌షాపులో చేరాడు. ఇప్పుడు, ఇన్నేళ్ళకి, లెక్కలు రాసిన గుమాస్తా కూడా ఆయన ముందు చేతులు కట్టుకుని పాఠం అప్పజెబుతుంటే, ఆ గదిలో ఆయనకి కడుపు నిండినట్టుండేది.

అలా ఉండగా డబ్బాల కంపెనీ వచ్చింది.

"ఇది మీ సరుకే మాస్టారూ," అన్నాడు గుమాస్తా. "ఫ్యాక్టరీల్లో పంపులకి చిన్న డబ్బా తగిలిస్తారట. షేర్లు జనానికి అమ్ముతున్నారు. కొనాలనుకునేవాళ్ళని పిలిచి కంపెనీని చూపిస్తున్నారట కూడా. మీరు వెళ్ళి రండి. పంపు గురించి మీకు చెప్పేవాడు పుట్టాలి."

మాస్టారు గోళ్ళు కిరసనాయిలుతో కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. చల్లని హాలు. అడుగు వేస్తే చప్పుడు కాని తివాచీ. తన చెప్పులకి గ్రీజు ఉందేమోనని ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. చుట్టూ టైలు కట్టుకున్నవాళ్ళు, ఒళ్ళో కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్ళు. తెర ముందు ఒక అమ్మాయి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

డబ్బా పంపు వణుకుడిని వింటుందట. చెడిపోయే ముందే చెబుతుందట. అక్కడిదాకా మాస్టారు ఆ అమ్మాయి కన్నా ముందే నడిచాడు. తను చెవి ఆనించి చేసే పనే కదా అది! తర్వాత తెర మారింది. "అసలు డబ్బా మా వ్యాపారమే కాదు," అంది ఆ అమ్మాయి నవ్వుతూ. అక్కడి నుంచి బాణాలు బయల్దేరాయి. ఫ్యాక్టరీ నుంచి కంపెనీకి ఒక బాణం, కంపెనీ నుంచి మరెవరికో ఒక బాణం, వాళ్ళ నుంచి పూచీలు ఇచ్చే సంస్థకి ఒకటి, రాబోయే ఏళ్ళ రాబడి ఇప్పుడే చేతికొచ్చే దారి ఒకటి. అన్నీ ఒక గుండ్రంలో తిరిగి ఎక్కడ మొదలయ్యాయో అక్కడికే చేరాయి. పక్కనున్నవాళ్ళు తలలూపారు. మాస్టారూ ఊపాడు.

"ఏమైనా అడగాలా?" అంది ఆ అమ్మాయి.

అడగాల్సింది ఆయన గొంతులోనే ఉంది. ఇంతకీ డబ్బులు ఎవరిస్తారమ్మా? అంతే. కానీ లేచి నిలబడేసరికి అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"బేరింగు అరిగినప్పటి వణుకూ, షాఫ్టు వంగినప్పటి వణుకూ విడివిడిగా తెలుస్తాయా అండీ?"

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "ఇవాళ అడిగినవాటిలో మంచి ప్రశ్న ఇదే!" అంది. టైలవాళ్ళు మెడలు తిప్పి చూశారు. బయటికొస్తుంటే ఒకాయన చెయ్యి కూడా కలిపాడు.

పుట్టాక మొదటిసారి క్లాసులో మంచి ప్రశ్న అనిపించుకున్నాడు. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి ఆ డబ్బుల ప్రశ్న అడగడానికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు?

తిరుగు బస్సులో కూర్చుని లోపల పాఠం కూర్చుకున్నాడు. డబ్బా ఉంది. ఫ్యాక్టరీ ఉంది. మధ్యలో ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టకపోతే కథ నిలబడటం లేదు. రెండు పైపుల మధ్య సరైన ముక్క దొరకనప్పుడు చేతికందిన రబ్బరు చుట్టేస్తారే, అలాగ ఆ ఖాళీలో ఆయన 'అద్దె' అన్న మాట పెట్టాడు. ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. కానీ చక్కగా అతికింది. బస్సు దిగే వేళకి ఆయనే నమ్మేశాడు.

ఆ ఆదివారం గదిలోకి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. మాస్టారి చెల్లెలు, ఆమె భర్త. ఆమె పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడింది. ఇన్నేళ్ళ చాకిరీకి ఇంతని లెక్కగట్టి చేతిలో పెట్టి పంపించారు. ఆ డబ్బుతో బజార్లో ఒక గది అద్దెకి తీసుకుని సొంతంగా కుట్టుపని పెట్టుకోవాలని ఆమె ఆలోచన. లారీ నడిపే భర్త గది కూడా చూసిపెట్టాడు. అన్నయ్య మాట కూడా విందామని వచ్చారు.

మాస్టారు చెప్పాడు. ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు.

"ఇల్లు అద్దెకిచ్చినట్టు డబ్బా అద్దెకిస్తారు. పంపు తిరిగినంత కాలం డబ్బా ఉంటుంది, డబ్బా ఉన్నంత కాలం అద్దె వస్తుంది. పంపు ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది కాబట్టి అద్దె ఎగ్గొట్టే ధైర్యం ఎవడికీ ఉండదు. ఇంతే."

"నేను అప్పజెప్తా," అంది చెల్లెలు. ఎవరూ అడక్కుండానే లేచింది. ఒక చేత్తో పంపు తిప్పింది, రెండో చేత్తో దానికి డబ్బా తగిలించింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టు కళ్ళు మూసుకుంది. తడబాటు లేదు, నీళ్ళు నమలడం లేదు. ఆఖరుకి వచ్చేసరికి సెలూన్ ఆయన చప్పట్లు కొట్టాడు. గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, కళ్ళతో చూసినట్టుంది," అంది చెల్లెలు. "గదీ వద్దు, ఏమీ వద్దు. మొత్తం ఇందులోనే పెడతా."

"మొత్తమే?" అన్నాడు భర్త. "బావగారూ, మీరైనా చెప్పండి. మిషన్లకి బేరం కూడా ఆడొచ్చాను."

"మిషను మీద కూర్చుని నా నడుం పడిపోయింది. కొన్నాళ్ళు డబ్బునే కూర్చుని పని చెయ్యనీ," అంది ఆమె. అందరూ నవ్వారు.

ఆలోచించుకోమని మాస్టారు అన్నాడు. అన్నాడు కానీ, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా అన్నాడు. కావాలనే అంత నెమ్మదిగా అన్నాడని ఆయనకి తెలుసు. షేర్లకి దరఖాస్తు పెట్టడానికి ఇంకా వారం పైన గడువుంది.

ఆ వారంలోనే బట్టలకి రంగులు వేసే మిల్లు నుంచి పిలుపొచ్చింది. పంపు పట్టేసింది. పంపుల గదిలో నేలంతా నీలం రంగు నీళ్ళు. పంపు మీదకి వంగగానే పచ్చలైటు ఆర్పుతూ వెలిగిస్తూ డబ్బా కనిపించింది. అచ్చం తెర మీద చూపించిందే. మాస్టారికి చుట్టాన్ని చూసినట్టనిపించింది.

"దీనికి నెలకి అద్దె ఎంత కడతారు సార్?" అన్నాడు సూపర్‌వైజర్‌తో, తెలిసినవాడిలా.

"కట్టడమేంటి? వాళ్ళే మాకిస్తారు."

మాస్టారి చేతిలో రెంచి ఆగింది. "వాళ్ళెందుకిస్తారు?"

"మా పంపులు ఎలా నడుస్తున్నాయో ఆ లెక్కలు కావాలట. వాళ్ళు మరెవరికో ఇస్తారట. ఎవరికో నాకు తెలీదు. నెల తిరిగేసరికి ఠంచనుగా పడుతుంది, నాకెందుకు గొడవ?"

"మరి పంపు చెడుతుందని ముందే చెప్పిందా ఇది?"

"చెప్పింది. మేమే వినలేదు. వింటే మీతో పనేముంది మాస్టారూ?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ గదిలో, ఆ నీలం నీళ్ళలో, ఒక్కడే నిలబడిపోయాడు. డబ్బా నిజంగానే పని చేస్తోంది. కంపెనీ నిజంగానే డబ్బిస్తోంది. ఎందుకిస్తోందో, అది ఎక్కడినుంచి వస్తోందో తనకి తెలియదు. అది మంచి కంపెనీ కావచ్చు. తను చెప్పినదాని కన్నా గొప్పది కూడా కావచ్చు. మునిగేది కావచ్చు. ఏదో తెలియదు. తెలిసిందొకటే. చెల్లెలు చేతులు తిప్పుతూ అప్పజెప్పిన కంపెనీ ఈ భూమి మీద లేదు. అది బస్సులో పుట్టింది. చెవుల దగ్గర వేడి కమ్మి, ఎవరూ చూడటం లేదని తెలిసినా తల దించేసుకున్నాడు.

ఆదివారం గదిలోకి అడుగు పెట్టేటప్పుడు చెప్పేద్దామనే పెట్టాడు. గుమ్మం దాటుతుండగానే గుమాస్తా అందుకున్నాడు. "మిల్లులో డబ్బా చూశారటగా మాస్టారూ? సూపర్‌వైజర్ చెప్పాడు."

"చూశాను. అద్దె లేదు."

"లేదా?" అంది అక్క. అందరూ ఆయన ముఖంలోకి చూశారు. చెల్లెలు చేతిలో దరఖాస్తు పెట్టుకుని కూర్చుని ఉంది. మర్నాడు ఇవ్వాలని నింపుకుని వచ్చింది.

నాకు అర్థం కాలేదు. ఆ రెండు మూడు మాటలు గొంతులో వెలక్కాయలా అడ్డం పడ్డాయి. క్లాసు నవ్వింది, పంతులు నవ్వాడు, బెంచీ కనిపించింది. ఆ వెలక్కాయ పక్కనుంచి ఇంకో మాట సులువుగా జారి వచ్చేసింది.

"మోసం. మోసం కంపెనీ అది. పట్టుకున్నాను."

గది ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "చూశారా!" అని తొడ చరిచాడు సెలూన్ ఆయన. "టైలు కట్టుకున్నవాళ్ళు పట్టలేనిది మన మాస్టారు పానా పట్టుకుని పట్టేశాడు!" అక్క కొత్త బ్రెడ్డు కోసి పెట్టింది. చెల్లెలి భర్త లేచి వచ్చి, "బావగారూ, మీ నోట్లో చక్కెర పొయ్యాలి," అన్నాడు. చెల్లెలు దరఖాస్తు చింపేసి, కళ్ళు తుడుచుకుంది.

ఆమె డబ్బు మిగిలింది. అంత మాత్రం చాలదూ అని మాస్టారు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. బ్రెడ్డు మాత్రం సగం కొరికి పక్కన పెట్టేశాడు.

సెలూన్ ఆయన ఊరుకునే మనిషి కాదు. కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ డబ్బాల కంపెనీ మోసం సంగతి, మాస్టారు పట్టుకున్న తీరు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ మాస్టారు కాస్త పెరిగాడు, కంపెనీ కాస్త తరిగింది. ఒకరోజు పొద్దున్నే పాల దుకాణం ఆయన వర్క్‌షాపు ముందు నిలబడ్డాడు. మోటారేమీ తేలేదు.

"మాస్టారూ, మావాడు డబ్బాలు బిగించే పని అక్కడే చేస్తున్నాడు. మంచి జీతమే. మోసమని మీరన్నారట. మానేయమంటారా?"

మాస్టారు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "తొందరపడకండి," అన్నాడు.

"తొందరపడకపోతే ఎలాగండీ? మీరు ఊరికే అనరు కదా."

ఆయన వెళ్ళాక మాస్టారు షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాడు. ఎవరైనా పిలిస్తే లేడనుకుంటారని. అలాగే కూర్చుని ఉండగా షట్టరు కింద నుంచి తల వంచి చెల్లెలు వచ్చింది. చేతిలో సంచి. సంచిలో బ్యాంకు కాగితాలు.

"చీకట్లో ఏం చేస్తున్నావు? దొంగలా."

"ఊరికే."

"ఇదిగో. ఇవన్నీ నీ దగ్గరే ఉంచు. నువ్వు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతా. ఇంక నాకేం చెప్పక్కర్లేదు, నేనేం అప్పజెప్పక్కర్లేదు. నువ్వు మంచిదంటే మంచిది, చెడ్డదంటే చెడ్డది. మీ బావ కూడా అదే అన్నాడు. ఆయన ఒకరి మాట ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు!"

సంచి బల్ల మీద, తీగల చుట్టల మధ్య పెట్టింది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు. అది కాలుతున్న కాయిల్‌లా కనిపించింది.

"నాకు అర్థం కాలేదమ్మా," అన్నాడు.

"ఏది?"

"ఆ కంపెనీ."

"మోసమని నువ్వేగా అన్నావు?"

"మోసమో కాదో కూడా తెలీదు. వాళ్ళు ఏం చేస్తారో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, నాకేం తెలీలేదు. ఆ రోజు హాల్లోనే తెలీలేదు."

"మరి అద్దె?"

"నేను పెట్టాను."

"నువ్వు పెట్టడమేంటి?"

"మధ్యలో ఖాళీ ఉంటే పెట్టాను."

ఆమె తీగల చుట్ట ఒకటి పక్కకి జరిపి బల్లకి ఆనుకుంది. "అంటే నేను చేతులు తిప్పుకుంటూ, కళ్ళు మూసుకుంటూ అందరి ముందూ..." ఆగింది. "ఇంటికెళ్ళి పక్కింటావిడకి కూడా చెప్పాను అన్నయ్యా. ఆవిడ పిల్లలకి కూడా చెప్పాను."

మాస్టారు నేలకేసి చూశాడు.

"అడగొచ్చుగా? ఆ పిల్లని. డబ్బులెవరిస్తారమ్మా అని. నేనైతే అడిగేదాన్ని. నాకేం సిగ్గు? నాకు రాదని అందరికీ తెలుసు."

"నాకు వచ్చని అందరికీ తెలుసు," అన్నాడు మాస్టారు. "అదే వచ్చింది తంటా."

ఆమె సంచి తీసుకుని భుజాన వేసుకుంది. కోపంగా తిడితే బాగుండేది. తిట్టలేదు. షట్టరు దగ్గర వంగబోతూ ఆగి, వెనక్కి చూడకుండా అంది. "నాకొక్కదానికి చెప్తే చాలదు. ఆ గదిలో చెప్పు. దారిలో పాలాయన కనబడి అంతా చెప్పాడు. వాళ్ళ కొడుకు ఉద్యోగం మానేసేలోగా చెప్పు."

ఆదివారం మాస్టారు చెప్పాడు. పాల దుకాణం ఆయన్ని కూడా పిలిపించి చెప్పాడు. మొదటి రెండు మాటలు బాగానే వచ్చాయి. బస్సు సంగతి దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. హాల్లో అడిగిన మంచి ప్రశ్న సంగతి కూడా చెప్పాడు. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే ఆ ఒక్కటీ తనకోసం దాచుకుందామనుకున్నాడు.

పాల దుకాణం ఆయన ముందు లేచాడు. "మావాడు నిన్న రాజీనామా రాశాడు. ఇంకా ఇవ్వలేదనుకుంటా," అని గబగబా వెళ్ళిపోయాడు. ఆ నడక చప్పుడు సందు చివరిదాకా వినిపించింది.

"అయితే నేను గీసిన తలలన్నిటినీ మళ్ళీ గీయాలన్నమాట," అన్నాడు సెలూన్ ఆయన. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఆ కంపెనీ రిపోర్టు నాకూ అర్థం కాలేదు మాస్టారూ. మీరు చెప్పారు కదా, అర్థమైనట్టే ఉంది కదా అని ఊరుకున్నాను." ఆయన ఓదార్చడానికే అన్నాడు. మాస్టారికి అది ఇంకో దెబ్బలా తగిలింది. ఈయన కూడా తన నోరు చూసే తల ఊపాడన్నమాట.

"మరి ఆ ముందు కొన్నవాటి సంగతి?" అంది అక్క, టీ గ్లాసులు సర్దుతూ, ఆయన ముఖం చూడకుండా. "అవైనా ఉన్న కంపెనీలేనా, లేక..." మాట మింగేసింది. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు ఉంది. అవి నిజమైనవే. కానీ నిజమేనని ఇప్పుడు ఏ నోటితో అంటాడు? అన్నా ఆ మాటకి ఇంక ఏం తూకం?

చెల్లెలి భర్త కిటికీలోంచి లారీకేసి చూస్తూ కూర్చున్నాడు.

మాస్టారు అప్పుడు గమనించాడు, తను నిలబడి ఉన్నాడు. మొదలుపెట్టినప్పటి నుంచీ నిలబడే ఉన్నాడు. చేతులు రెండూ పక్కకి వేలాడేసి, గడ్డం రొమ్ముకి ఆనించి. ఎవరూ నిలబడమనలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

చెల్లెలు బ్యాంకు కాగితాలు లేని ఉత్త సంచి మడత పెడుతోంది. తల ఎత్తకుండానే కాలితో ఒక ట్రే ఆయనకేసి తోసింది. అది నేల మీద కీచుమని జరిగి ఆయన మోకాలికి తగిలి ఆగింది.

"రేపు బజార్లో ఆ గదికి అడ్వాన్సు ఇస్తున్నాం," అంది. "అందులో ఫ్యాను తిరగట్లేదు. వచ్చి చూసిపెట్టు. అదైనా వచ్చు కదా నీకు?"

"వచ్చు," అన్నాడు మాస్టారు.

ట్రే మీద వెంటనే కూర్చోలేకపోయాడు.